తులాభారం, రుణభారం

మేడారంలో రెండేళ్లకొకసారి మాఘ పౌర్ణమి వేళ జరిగే సమ్మక్క-సారలమ్మ జాతరలో, మొక్కున్న భక్తుడు తన బరువుకు సరితూగే బెల్లాన్ని జోకించి, దానినే బంగారమని పిలుచుకుంటూ గద్దెల వద్ద సమర్పిస్తాడు. నిలువెత్తు బంగారం అనే ఈ మొక్కులో త్రాసుకు ఒకవైపు మనిషి దేహం, మరోవైపు దానికి బదులుగా ఇచ్చే ద్రవ్యం ఉంటాయి గనుక, అవయవాలకు డబ్బివ్వడంపై వినిపించే, దేహాన్ని ద్రవ్యంతో తూచడమే అపచారమనే వాదన ఈ నేల మీద అంత సులువుగా నిలవదు. అయితే ఇక్కడ తూగేది బరువు మాత్రమే. తూకం ముగిశాక మనిషి దిగినప్పుడు అతని ఒంట్లో ఏ లోటూ ఉండదు.

శిబి చక్రవర్తి కథలో త్రాసు తీరు వేరు. పావురానికి బదులు మరే మాంసమైనా ఇస్తానన్నా డేగ ఒప్పుకోకపోవడంతో, రాజు తన తొడ కోసి తూచవలసి వచ్చింది. బతికుండగానే మూత్రపిండాన్నో కాలేయంలో కొంత భాగాన్నో ఇచ్చే సజీవ దాతను ఈ కథతో పోల్చడం పరిపాటి అయినా, దాత ప్రతిఫలం పుచ్చుకోవచ్చా అన్న ప్రశ్నకు కర్ణుడి కథే దగ్గరిది. సహజ కవచకుండలాలను ఒలిచి ఇచ్చిన కర్ణుడు, సూర్యుడు ముందే చెప్పినట్లు, ఇంద్రుడి నుంచి శక్త్యాయుధాన్ని అడిగి మరీ పుచ్చుకున్నాడు. అయినా అతన్ని దానవీరుడు కాదన్నవారు లేరు. కనుక ప్రతిఫలం పుచ్చుకోవడం వల్లనే దానం చెడుతుందని చెప్పడం కష్టం. ఇరాన్ 1988 నుంచి మూత్రపిండ దాతకు డబ్బు చెల్లించే పద్ధతిని ప్రభుత్వ పర్యవేక్షణలో నడపడానికి ఇటువంటి తర్కమే ఊతం.

కానీ కర్ణుడు అంగరాజు. అతని వాకిట అప్పులవాడు కూర్చోలేదు. అప్పటి గుంటూరు జిల్లా రెంటచింతల ప్రాంతంలో అప్పుల పాలైన రైతులు మూత్రపిండాలు అమ్ముకున్నారన్న వార్త 2000 ప్రాంతంలో రాష్ట్రాన్ని కలవరపెట్టింది. చెన్నైలో మూత్రపిండం అమ్ముకున్న 305 మందిని విచారించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో 96 శాతం మంది అప్పు తీర్చడానికే అమ్మామన్నారు. అమ్మిన తరువాత వారి కుటుంబాల సగటు ఆదాయం మూడో వంతు తగ్గింది. అవయవ విక్రయం ఇరుపక్షాలకూ లాభమన్న వాదం ఈ అంకెల ముందు వెలవెలబోతుంది. కరువులో కప్పం కట్టలేని కోయలపైకి కాకతీయ సైన్యం వచ్చిందని, దానినెదిరించి సమ్మక్క పోరాడిందని చెప్పే మేడారం గాథ ఈ చర్చకు అందించే ధర్మసూక్ష్మం ఇక్కడే ఉంది: ఇవ్వలేని స్థితిలో ఉన్నవాడిని ఇమ్మని నిలదీయడమే అన్యాయం, అతడు చివరికి ధాన్యమిచ్చాడా, దేహమిచ్చాడా అన్నది ఆ తరువాతి మాట.

1994 నాటి మానవ అవయవాల మార్పిడి చట్టం అవయవ విక్రయాన్ని నేరమంటూనే, దానం వల్ల దాతకైన ఖర్చును, కోల్పోయిన సంపాదనను తిరిగి చెల్లించడాన్ని వెల కింద లెక్కించలేదు. వెలకూ పరిహారానికీ మధ్య గీసిన ఈ గీత న్యాయమైనదే; కూలి పోగొట్టుకున్న దాతను ఉత్త చేతులతో పంపడం ఏ ధర్మమూ కాదు. అయితే ఆ చట్టమే దగ్గరి బంధువుల దానాన్ని ప్రేమపూర్వకమని సులువుగా నమ్ముతుంది. మన దేశంలో సజీవ దాతలలో తల్లులు, భార్యలు మొదలైన స్త్రీలే అత్యధికులు కాగా, గ్రహీతలలో పురుషులే ఎక్కువ. డబ్బు చేతులు మారని ఆ ఇళ్లలో ఇవ్వనని చెప్పగల వీలు స్త్రీకి ఎంత ఉందన్నది, దళారిని పట్టుకున్నంత శ్రద్ధగా అవయవ దానానికి అనుమతినిచ్చే ఏ కమిటీ అడగడం లేదు.