తొలి నెలలోనే బిడ్డను కాచుకుందాం



మార్చి 25న మంగళవార్త పండుగ, డిసెంబరు 25న క్రీస్తు జయంతి. మధ్యలో తొమ్మిది నెలలు. ప్రభువు కూడా తల్లి గర్భంలో రోజురోజుకూ పెరిగినవాడే.

గర్భంలో పిండం ఏర్పడిన 28 రోజులకల్లా మెదడు, వెన్నుపాముగా మారే నాళం మూసుకుంటుంది. మూసుకోకపోతే బిడ్డ వెన్ను లోపంతో పుడుతుంది. అప్పటికి తాను గర్భవతినని చాలామంది తల్లులకు తెలియదు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. అది ఈ లోపాన్ని చాలావరకు నివారిస్తుందని 1991లో రుజువైంది.

వడమాలపేట అత్తమామలారా, కోడలికి నెల తప్పేదాకా ఆగకండి. బిడ్డ కావాలనుకున్నప్పుడే డాక్టరు సలహాతో ఆ మాత్ర ఇప్పించండి. లోపంతో బిడ్డ పుడితే తల్లి పాపమనకండి. ఆ బిడ్డనూ తల్లినీ అక్కున చేర్చుకోండి.