దేవుడే ఎంచితే మన పనేంటి?

పోయిన ఎలక్షన్ రోజు నేను ఓటు వేయలేదు. "ఎవరు రావాలో పైవాడే చూసుకుంటాడు" అని ఇంట్లో పడుకున్నాను. అది భక్తి అనుకున్నాను. బద్ధకమని ఈ మధ్యే అర్థమైంది.

ఈజిప్టులో కాప్టిక్ క్రైస్తవులు తమ పోప్‌ను ఎంచుకునే పద్ధతి చూడండి. 2012లో ముందు ఓటింగ్ జరిపి ముగ్గురిని మిగిల్చారు. నవంబర్ 4న కైరో కేథడ్రల్‌లో ప్రార్థన చేసి, కళ్లకు గంతలు కట్టిన ఒక పిల్లాడితో చీటీ తీయించారు. అలా వచ్చిన పేరే రెండవ తవద్రోస్. ఆఖరి మాట దేవుడిదని వాళ్ల నమ్మకం. కానీ ఆ ముగ్గురి దాకా వడపోసింది మనుషులే.

ఇది మనకీ కొత్త కాదు. తమిళనాడులోని ఉత్తరమేరూరులో పదో శతాబ్దపు చోళ శాసనం ఉంది. అక్కడ సభ పనులు చూసేవాళ్లను ఎంచడానికి తాటాకు చీటీలు కుండలో వేసి, చిన్న పిల్లాడితో తీయించేవారు. అందులో అందరికీ చోటు లేదు, నిజమే. అయితే లెక్కలు అప్పజెప్పని వాడి పేరు అసలు కుండలోకే వెళ్లేది కాదు.

మరి చెడ్డ నాయకుడు వస్తే "దైవ నిర్ణయం" అనేసి ఊరుకోవచ్చా? కుండలో పేర్లు వేసింది మనమే కదా! కృష్ణుడు రథం తోలాడు, బాణం మాత్రం అర్జునుడే వేయాల్సి వచ్చింది.

ఈసారి దేవుడికి దండం పెట్టుకుని, తిన్నగా బూత్‌కే వెళ్తాను. మరి మీరు?