దాస్యము ఎవరికి?

శ్రీవైష్ణవ సంప్రదాయమున 'దాసుడు' అను మాటకంటె గౌరవప్రదమైన బిరుదు లేదు. భాగవతులు ఒకరి నొకరు చూచినప్పుడు 'అడియేన్' అని పలుకుట, పేరు చివర 'రామానుజదాసుడు' అని చేర్చుకొనుట పెద్దలు నేర్పిన ఆచారము. ఇట్టి మనము, లోకమున దాస్యమును నిర్మూలింపవలెనని శాసనకర్తలు పలుకునప్పుడు ఏమి చెప్పవలయును? దాస్యము పురుషార్థమైనచో దానిని నిషేధించుట యెందులకు? పాపమైనచో దానిని మనము కోరుట యెట్లు?

ఈ సంశయము మాటల గారడి కాదు. అంతర్జాతీయ కార్మికసంస్థ 2022లో ప్రకటించిన అంచనా ప్రకారము, 2021లో ప్రపంచమున 2 కోట్ల 76 లక్షలమంది నిర్బంధముగా చాకిరి చేయుచుండిరి. మన యిండ్లనుండి చెత్తను ఎత్తుకొనిపోవు వృత్తి యీ పాపము సులభముగా చొరబడు తావులలో నొకటి. కావున ఈ విచారణ మన గడపకు దూరమైనది కాదు.

శేషత్వ విచారము

జీవుడు భగవంతునకు శేషభూతుడు. భగవంతుడు స్వామి, జీవుడు ఆయన సొత్తు. ఈ సంబంధమును మఱచి 'నేను నా సొత్తును' అని తలచుటను మన ఆచార్యులు ఆత్మాపహారమనిరి. అనగా భగవంతుని సొత్తును దొంగిలించుట. తన ఆత్మను తనదనుకొనుటయే చౌర్యమైనప్పుడు, పరుని తన సొత్తనుకొనుట మహాచౌర్యమని వేఱుగ చెప్పవలెనా? కైముతికన్యాయముననే అది సిద్ధించుచున్నది. కాబట్టి భగవద్దాస్యము మానవదాస్యమునకు ఆధారము కాదు, దానికి గొడ్డలిపెట్టు. అందఱును ఒకే స్వామి సొత్తు గనుక ఎవడును మఱియొకనికి సొత్తు కాజాలడు.

జీతమునకు పనిచేయుట దాస్యము కాదు. మోసముచేతనో, భయముచేతనో, అప్పుచేతనో మనిషిని పనికి కట్టివేయుట, వదలి పోదలచినను పోనీయకుండుట, అతని శ్రమఫలమును మఱియొకడు హరించుట - ఈ లక్షణములు కలిసిన చోట దాస్యమున్నదని గుర్తింపవలయును.

వినతా గరుత్మంతుల కథ

ఈ రెండు దాస్యముల భేదము భారతమున ఆదిపర్వములోని ఒక్క కథయందే కానవచ్చును. ఉచ్చైశ్శ్రవము తోక తెల్లనిదా నల్లనిదా యని కద్రూవినతలు పందెము వేసికొనిరి. ఓడినవారు గెలిచినవారికి దాసి కావలెను. కద్రువ తన కుమారులైన సర్పములను ఆ తోకకు చుట్టుకొనుమని పంపి, తోక నల్లనిదని చూపి గెలిచెను. వినత దాసి యయ్యెను. ఆమె కడుపున పుట్టిన గరుత్మంతుడు సైతము సర్పములను వీపున మోయవలసి వచ్చెను. 'వీరి యాజ్ఞకు నేనేల లోబడవలె'నని అతడు తల్లి నడిగెను. మోసముచే కలిగిన దాస్యమని తెలిసికొని, విడుదలకు వెల యేమని సర్పములనే ప్రశ్నించి, అమృతమును తెచ్చి తల్లిని విడిపించెను. అమృతము చేతనుండియు తాను త్రాగలేదు. ఆ నిస్పృహకు మెచ్చి శ్రీమహావిష్ణువు అతనిని తన ధ్వజమునందు నిలిపెను, తనకు వాహనముగ చేసికొనెను. వంచనచే వచ్చిన దాస్యమును త్రెంచినవాడే ప్రేమచే వచ్చిన దాస్యమునకు అర్హుడయ్యెను.

'కష్టపడువారు తమ కర్మ ననుభవించుచున్నారు, మనమేమి చేయగల'మని కొందఱందురు. వినత దాస్యమునకును పూర్వకారణము కలదు. తొందరపడి అండమును పగులగొట్టినందున, అందుండి వెలువడిన అనూరుడు ఆమెకు శాపమిచ్చెను. అంతమాత్రముచే గరుత్మంతుడు 'ఇది మా తల్లి ప్రారబ్ధ'మని ఊరకుండలేదు. పరుని కష్టమునకు కారణము వెదకుట మన పని కాదు, దానిని తొలగించుటయే మన ధర్మము.

శాస్త్రములలో దాసులు లేరా?

కలరు, దాచవలసిన పని లేదు. మనుస్మృతి ఏడువిధముల దాసులను లెక్కించినది. అయితే లోకమున ఉన్నదానిని అనువదించుట వేఱు, ఉండవలెనని విధించుట వేఱు. దాసులను ఉంచుకొనుమని మోక్షశాస్త్ర మేదియు ఆజ్ఞాపింపలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రమును చూడుడు. అప్పుకై తాకట్టుగ వచ్చిన మనిషిచేత శవమును గాని, మలమూత్రములను గాని, ఎంగిలిని గాని ఎత్తించినచో, ఋణమిచ్చినవాడు తన మూలధనమునే కోల్పోవునని అందు విధించెను. అప్పుపేర మనిషిని చెత్తలోనికి దింపరాదని అంత ప్రాచీనకాలమున రాజశాసన మున్నది! అట్టి దేశమున తరువాత మన సంఘము ఆ పనిని కొన్ని కులములవారి నెత్తిన తరతరములుగా మోపినది. 2013లో వచ్చిన చట్టము చేతులతో మలమెత్తించుటను, రక్షణ సాధనములు లేక మురుగుకాలువలలోనికి దింపుటను నిషేధించి, నేరముగ ప్రకటించెను.

పాపమునకు భాగస్వాములు

'పని గుత్తకిచ్చితిమి, పాపము గుత్తదారునిది' అను వాదము మిక్కిలి ప్రబలమైనది. దీనికి సమాధానము మన వంటయింటనే కలదు. ఆహారశుద్ధిని చెప్పుచు భగవద్రామానుజులు శ్రీభాష్యమున జాతిదోషము, ఆశ్రయదోషము, నిమిత్తదోషము అను మూడింటిని పేర్కొనిరి. వస్తువు స్వయముగ మంచిదైనను, అది ఎవరి యొద్దనుండి వచ్చినదో ఆ ఆశ్రయమువలన దుష్టమగును. మాంసవిషయమున భారతము, చంపువానితో పాటు ధనమిచ్చి కొనువానికిని, తినువానికిని హింసాదోషమును చెప్పినది. నెయ్యి ఎచ్చటిది, బియ్యము ఎవరివి అని విచారించు గృహస్థుడు, తన చెత్తను మోయు చేతులెవరివి, ఆ చేతులకు జీతము ముట్టుచున్నదా అని విచారింపకుండుట ఆచారమును సగమే పాటించుట.

ఈ ఆశ్రయదోషము ఎంత దూరము పోవునో చూడుడు. పారిశుద్ధ్య కార్మికుడు తొడుగుకొను రబ్బరు చేతితొడుగు లున్నవి. అవి మలేషియాలో విరివిగ తయారగును. నేపాలు, బంగ్లాదేశములనుండి అచ్చటి కర్మాగారములకు పోయినవారు ఉద్యోగము కొఱకు మధ్యవర్తులకు పెద్దమొత్తములు చెల్లించి అప్పులలో చిక్కుకొనిరి. ఈ కారణముచేత 2020, 2021 సంవత్సరములలో అమెరికా ప్రభుత్వము కొన్ని కర్మాగారముల సరకును తమ రేవులలో నిలిపివేసెను. ఒక కార్మికుని రక్షించు తొడుగు మఱియొక కార్మికుని బంధనముచే తయారగుట యెంత విపరీతము!

ఇంగ్లండులో 2019లో ముగిసిన బర్మింగుహాము విచారణలలో 8 మందికి శిక్ష పడెను. పోలెండు దేశమున ఇల్లు వాకిలి లేనివారిని, వ్యసనపరులను, చెఱనుండి విడుదలైనవారిని మంచి ఉద్యోగమని ఆశచూపి తెచ్చి, పొలములలోను, చెత్తను వేఱుచేయు కేంద్రములలోను పనికి పెట్టిన ముఠా యది. బాధితులు 400 మందికి పైబడి యుందురని అచ్చటి పోలీసుల అంచనా. జీతము బాంకు ఖాతాలలో పడుచుండెను గాని, ఆ ఖాతాలు ముఠావారి చేతిలో నుండెను. ఇచ్చితిమనుట చాలదు, ఎవరి చేతిలో పడినదో చూడవలయునని దీనివలన తెలియుచున్నది.

ఆ దేశము 2015లోనే యొక చట్టము చేసినది. సాలీనా 3 కోట్ల 60 లక్షల పౌండ్లు, ఆ పైన వ్యాపారము చేయు సంస్థలు తమ కొనుగోళ్లలోను, గుత్తలలోను దాస్యము లేకుండుటకు ఏమి చేసినవో ప్రతి సంవత్సరము ప్రకటింపవలయును. అయితే 'ఏమియు చేయలేదు' అని ప్రకటించినను ఆ చట్టము తృప్తిపడును! సంకల్పము చెప్పి కర్మ మానినట్లే యిది. విచారణ లేని ప్రకటనవలన ఒక్క కార్మికుని బంధమును విడదు.

మన దేశమున రాజ్యాంగములోని 23వ అధికరణము వెట్టిని నిషేధించినది. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము అట్టి అప్పులను రద్దుచేసి, విముక్తి కలిగించు బాధ్యతను జిల్లా అధికారులపై నుంచినది. ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల విషయమున 1982లో సుప్రీంకోర్టు, కనీసవేతనముకంటె తక్కువకు పనిచేయించుటయు నిర్బంధ చాకిరియేనని, మధ్య గుత్తదారుడు ఉన్నాడని చెప్పి ప్రభుత్వము తప్పించుకొనరాదని తీర్పిచ్చెను. మన ధర్మశాస్త్రము చేయించువానికి పాపమున పాలున్నదనుటయు ఇదియే.

చేయదగినది

సత్రములు, మఠములు, దేవస్థానములు, పెద్ద గృహసముదాయములు చెత్తయెత్తు పనిని గుత్తకిచ్చునప్పుడు మొదట లెక్క కట్టవలయును. కావలసిన కార్మికుల సంఖ్యను కనీసవేతనముచే గుణించినచో వచ్చు మొత్తముకంటె తక్కువకు ఎవడైన గుత్త పాడినచో, ఆ తగ్గిన సొమ్ము ఎవరి కంచమునుండి వచ్చునో ఊహించుట కష్టము కాదు. తక్కువ ధరను చూచి సంతోషించుట అచ్చట ధర్మము కాదు.

పిదప మేస్త్రీ లేని సమయమున కార్మికునితో మాట్లాడవలయును. జీతము నీ ఖాతాలోనే పడుచున్నదా, కార్డు నీ యొద్దనే యున్నదా, ఆధారు మొదలగు కాగితములను ఎవరైన తీసికొనిరా, ముందుగ తీసికొన్న అడ్వాన్సు ఎంత, తీరినదెంత, పని దొరకుటకు ఎవరికైన సొమ్మిచ్చితివా, మానదలచిన మానగలవా అని యడుగవలయును. గుత్తదారుడు ఆ పనిని మఱియొకనికి ఉపగుత్తకిచ్చెనేమో కనుగొనవలయును. చీపుళ్లు, తొడుగులు, దుస్తులు కొనునప్పుడు అమ్మువానిని వాని మూలము నడుగవలయును.

దాస్యము బయటపడినచో గుత్తను రద్దుచేసి చేతులు కడుగుకొనరాదు. అట్లు చేసినచో కార్మికుడు వీథిన పడి, మఱియొక అప్పులో చిక్కును. జిల్లా కలెక్టరుకు తెలిపి, విడుదలపత్రమును, పునరావాస సహాయమును ఇప్పించువఱకు వెంట నుండవలయును. అమృతమును తెచ్చువఱకు గరుత్మంతుడు విశ్రమింపలేదు.

గృహస్థులు తడిచెత్త పొడిచెత్త వేఱుచేసి, గాజుపెంకులను విడిగ చుట్టి యిచ్చుటయు, వచ్చినవానిని పేరు పెట్టి పిలుచుటయు చిన్నపనులు కావు. పేరుతో పిలిచినవారికే కష్టము చెప్పుకొన సాహసము కలుగును.

బ్రహ్మోత్సవముల ధ్వజారోహణమునాడు గరుడధ్వజము ఎగురును. వంచనచే కలిగిన తల్లి దాస్యమును త్రెంచినవాని చిహ్న మది. దానికి చేతులు మోడ్చు మనము, మన సుఖము కొఱకు ఏ వినతయు దాసిగ నుండకుండ చూచుకొనుట ఆ ధ్వజమునకు చేయదగిన సేవ. సర్వస్వామియైన శ్రీనివాసుడు తన సొత్తైన జీవులందఱను తన దాస్యమునందే నిలిపి, అన్యదాస్యమునుండి విడిపించుగాక.