కోనేటి గట్టున నున్నవాడు

ధ్యానమునకు: యోహాను సువార్త 5వ అధ్యాయము; గలతీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయము



యెరూషలేములో బేతెస్ద అను కోనేటియొద్ద అయిదు మంటపములుండెననియు, వాటిలో రోగులు గుంపులుగా పడియుండిరనియు మనము చదువుచున్నాము. వారిలో 38 ఏండ్లనుండి జబ్బుపడియున్న మనుష్యుడొకడుండెను. ప్రభువు పలుకరించినప్పుడు అతడిచ్చిన జవాబును మనము త్వరగా చదివి దాటిపోవుదుము. నీళ్లు లేవని అతడనలేదు. నీళ్లలో గుణము లేదనియు అనలేదు. తన్ను దించు మనుష్యుడు తనకు లేడనియు, తాను వచ్చునంతలో మరియొకడు ముందు దిగిపోవుచున్నాడనియు చెప్పెను. కోనేరు అతని కన్నులయెదుటనే యున్నది. అయినను 38 ఏండ్లు గడిచిపోయెను.

ఔషధము ఉండుట ఒకటి, అది అందుట మరియొకటి. ఈ రెంటికి నడుమనున్న దూరమునకు బాధ్యులెవరు? ఈ నెల మనము ఆలోచింపవలసిన ప్రశ్న ఇదియే. దీనిని మిక్కిలి ధనముగల దేశమైన అమెరికానుబట్టి ఆలోచింతము. ఏలయనగా, చేతిలో డబ్బు లేదని చెప్పి తప్పించుకొనుటకు ఆ దేశమునకు వీలులేదు.

అక్కడ మేరీలాండు రాష్ట్రమున బెథెస్డా అను ఊరున్నది. అచ్చటి ప్రెస్బిటేరియన్ దేవాలయము పేరే ఆ ఊరికి వచ్చినది. ఆ దేశపు జాతీయ ఆరోగ్య సంస్థలు నేడు ఆ ఊరనే యున్నవి. క్యాన్సరును గూర్చియు, గుండెజబ్బులను గూర్చియు, అంటురోగములను గూర్చియు అక్కడ జరుగు పరిశోధన లోకమంతటికి ఉపయోగపడుచున్నది. వైద్యమునకై అమెరికా 2023లో వెచ్చించిన ధనము 4.9 లక్షల కోట్ల డాలర్లు. అనగా తలకు 14,500 డాలర్ల పైమాట. దేశపు ఉత్పత్తిలో ఆరవ వంతుకంటె ఎక్కువ. అయినను ఆ సంవత్సరమే సుమారు 2 కోట్ల 60 లక్షలమందికి ఏ ఆరోగ్య బీమాయు లేకపోయెను. కోనేరు పెద్దదే, నీళ్లు నిండుగనే యున్నవి. గట్టున పడియున్నవారును ఉన్నారు.

ఇది ఎట్లు జరుగుచున్నది? అక్కడ పనిచేయు వయస్సుగలవారిలో అధికులకు బీమా ఉద్యోగమునుబట్టి వచ్చును. రెండవ ప్రపంచ యుద్ధకాలమున జీతములు పెంచరాదని ప్రభుత్వము కట్టడిచేయగా, పనివారిని నిలుపుకొనుటకు యజమానులు బీమా ఇవ్వసాగిరి. ఆ విధముగా ఈ పద్ధతి బలపడినది. గనుక పని పోయినప్పుడు తరచు బీమాయు పోవును. బీమా గలవారు సహితము నిశ్చింతగా లేరు. కంపెనీ చెల్లింపు మొదలుపెట్టకముందు రోగియే తన చేతినుండి వేలకొలది డాలర్లు పెట్టుకొనవలసిన పథకములు అనేకములున్నవి. జబ్బుకంటె బిల్లుకు భయపడి ఇంటనే ఉండిపోవువారు అందుచేతనే కనబడుచున్నారు.

ఒక ఉదాహరణ తీసికొందము. ఒక చిన్న పట్టణములో ఇండ్ల పైకప్పులు వేయు పనివాడొకడున్నాడనుకొనుడి. అతనికి బీమా లేదు. రక్తపు పోటు ఎక్కువగా నున్నది, కాని అది నొప్పి పుట్టించు జబ్బు కాదు గనుక అతడు దానిని ఎరుగడు. ఎరిగినను వైద్యుని ఖర్చుకు జంకును. కొన్ని యేండ్లకు మూత్రపిండములు చెడిపోవును. అప్పుడు ఆశ్చర్యమైన సంగతి జరుగును. 1972లో చేసిన చట్టము ప్రకారము, తగినంతకాలము పనిచేసి పన్ను కట్టినవానికి మూత్రపిండములు చెడినయెడల, వయస్సుతో నిమిత్తము లేకుండ, ప్రభుత్వపు మెడికేర్ బీమా డయాలిసిస్ ఖర్చును భరించుటకు వచ్చును. అది చాల ఖరీదైన చికిత్స. దానికి ముందు కావలసిన చవుక మాత్రలకు మాత్రము అతనికి దిక్కెవరును లేకపోయిరి. ఇల్లు కాలిన తరువాత కొత్త ఇల్లు కట్టించి, నిప్పురవ్వ పడిననాడు కడివెడు నీళ్లు ఇయ్యనివాని దాతృత్వమును మనమేమందుము?

ఇక్కడ రెండు పక్షములవారు వాదించుచున్నారు. మనుష్యుడు తన దేహమును తానే కాపాడుకొనవలెను. సోమరితనమునకు, దురలవాటులకు పొరుగువాడెందుకు చెల్లించవలెను అని ఒకరందురు. రోగము మంచివాని ఇంటికిని వచ్చును, చెడ్డవాని ఇంటికిని వచ్చును. పుట్టుకతో జబ్బుగల బిడ్డ ఏ తప్పు చేసెను అని మరియొకరందురు. ఈ రెండు మాటలలోను సత్యమున్నది. అపొస్తలుడైన పౌలు గలతీయులకు వ్రాయుచు, ఒకరి బరువు ఒకరు మోయవలెనని చెప్పిన అధ్యాయములోనే, ప్రతివానికి తన మూట తనకున్నదనియు చెప్పెను. పౌలు తన్ను తానే కాదనుకొనుచున్నాడా? కాదు.

బేతెస్దయొద్దకు తిరిగి చూడుడి. ప్రభువు ఆ మనుష్యుని గుణగణములను ముందుగా విచారింపలేదు. బాగుపడుటకు మనస్సున్నదా అని మాత్రమే అడిగెను. పరుపెత్తుకొని నడువుమని ఆజ్ఞాపించిన వెంటనే అతడు బాగుపడి, తన పరుపెత్తుకొని నడిచెను. ఇక పాపము చేయవద్దను హెచ్చరికయు, మరల దేవాలయములో కనబడినప్పుడు, స్వస్థత తరువాతనే వచ్చెను. నిన్నటివరకు మోయువాడు లేక పడియున్నవాడు నేడు తన పరుపు తానే మోయుచున్నాడు. మనము ఒకని బరువు మోయుట అతడు తన మూట తాను మోయగలుగుటకే. ఈ వరుసను తారుమారు చేసి, ముందు నీ పరుపెత్తుకొనుము, తరువాత బాగుచేయుదుము అని రోగితో చెప్పుట న్యాయము కాదు.

అమెరికా ఈ వరుసను నేర్చుకొనుటకు చాలకాలము పట్టినది. ఇంకను నేర్చుకొనుచునే యున్నది. 1945 నవంబరులో అధ్యక్షుడు హేరీ ట్రూమన్, ప్రజలందరికిని ఆరోగ్య బీమా ఉండవలెనని కాంగ్రెసును కోరెను. అది నెరవేరలేదు. దాదాపు 20 ఏండ్ల తరువాత, 1965 జూలై 30న అధ్యక్షుడు లిండన్ జాన్సన్, ట్రూమన్ స్వస్థలమైన మిస్సోరీలోని ఇండిపెండెన్సుకు వెళ్లి, 65 ఏండ్లు నిండినవారికి మెడికేర్, బీదలకు మెడికెయిడ్ ఏర్పరచు చట్టముపై సంతకము చేసెను. 81 ఏండ్ల వృద్ధుడైన ట్రూమన్‌కు మొదటి మెడికేర్ కార్డు ఇయ్యబడెను.

ఆ చట్టమువలన మరియొక మేలు కలిగినది. అంతవరకు దక్షిణ రాష్ట్రములలోని అనేక ఆసుపత్రులలో నల్లవారికి వేరు వార్డులుండెను. కొన్నింటిలో వారికి ప్రవేశమే లేకుండెను. జాతినిబట్టి వేరుచేయు ఆసుపత్రికి మెడికేర్ ధనము రాదని ప్రభుత్వము పట్టుబట్టగా, 1966లో కొద్ది నెలలలోనే వందలకొలది ఆసుపత్రులు ఆ పద్ధతిని మానుకొనెను. వేరు గ్లాసును, వేరు వాకిలిని ఎరిగిన మనలో అనేకులకు ఆ మార్పు విలువ ఎవరును చెప్పనక్కరలేదు. కోనేటికి దారి మూయునది డబ్బు ఒక్కటే కాదు.

ఆ దినములలోనే మిసిసిపీ రాష్ట్రపు డెల్టాలో, మౌండ్ బాయూ అను ఊర, జాక్ గైగర్ అను వైద్యుడును ఆయన సహకారులును బీదలకొరకు ఆరోగ్య కేంద్రమును స్థాపించిరి. అక్కడి పత్తి పొలముల కూలివారి పిల్లలు ఆకలిచేత చిక్కి జబ్బుపడుచుండిరి. వైద్యులు వారికి మందుచీటిమీద ఆహారమును వ్రాసిరి. ఆ చీటీ తీసికొని ఊరి దుకాణమునకు వెళ్లినయెడల పాలు, కూరగాయలు, మాంసము ఇచ్చెడివారు; సొమ్ము కేంద్రపు మందుల పద్దునుండి చెల్లెడిది. మందుల డబ్బుతో తిండి పెట్టుటేమని అధికారులు అభ్యంతరము చెప్పగా, తిండిలేమి అను జబ్బుకు వైద్యగ్రంథములు చెప్పు మందు తిండియేయని గైగర్ జవాబిచ్చెను. ఆ కేంద్రమువారు బావులు త్రవ్వించిరి, మరుగుదొడ్లు కట్టించిరి, కూరగాయల సాగుకు సహకార సంఘమును పెట్టించిరి. జబ్బు పుట్టుచోటికే వెళ్లి దాని నెదిరించుట అనగా ఇదియే. అట్టి కేంద్రములు నేడు ఆ దేశమున సుమారు 1,400 సంస్థలుగా పెరిగి, ఏటా 3 కోట్లకు మించినవారికి వైద్యము చేయుచున్నవి. వచ్చినవాని ఆదాయమునుబట్టి రుసుము తీసికొందురు. ఇచ్చుకొనలేడని ఎవనిని త్రోసివేయరు.

1986లో మరియొక చట్టము వచ్చెను. దాని ప్రకారము, ప్రాణాపాయముతో అత్యవసర విభాగమునకు వచ్చినవానిని, డబ్బు లేదని ఆసుపత్రి వెళ్లగొట్టరాదు. పరీక్షించి నిలకడకు తేవలెను. ఇది మంచి చట్టమే. త్రోవ ప్రక్కను పడియున్నవానిని మంచి సమరయుడు చూచి దాటిపోలేదు గదా. అయితే యెరికో త్రోవలో దినదినము మనుష్యులు దెబ్బలు తినుచుండగా, గాయములు కట్టుటతోనే మన పని తీరునా? త్రోవను భద్రపరచుటయు ప్రేమయే. 2010 మార్చి 23న అధ్యక్షుడు బరాక్ ఒబామా సంతకముచేసిన చట్టము ఈ దిక్కున ఒక పెద్ద అడుగు వేసెను. పాత జబ్బున్నదని బీమా నిరాకరింపరాదు. 26 ఏండ్లవరకు పిల్లలు తల్లిదండ్రుల బీమాలో ఉండవచ్చును. రక్తపు పోటు పరీక్ష, రొమ్ము క్యాన్సరు పరీక్ష, టీకాలు మొదలైన నివారణ సేవలకు చాలమట్టుకు బీమాదారునియొద్ద వేరుగా డబ్బు తీసికొనరాదు. ఆ సంవత్సరమున బీమాలేనివారు నాలుగున్నర కోట్లకు పైగా నుండగా, తరువాతి యేండ్లలో ఆ సంఖ్య చాలవరకు తగ్గినది. మెడికెయిడ్‌ను విస్తరింపజేయుట మాత్రము రాష్ట్రముల ఇష్టమని 2012లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2025 నాటికిని 10 రాష్ట్రములు విస్తరింపలేదు.

2025 జూలై 4న మరియొక చట్టము వచ్చినది. మెడికెయిడ్ విస్తరణలో చేరిన పెద్దలలో అనేకులు నెలకు 80 గంటలు పనిగాని, చదువుగాని, సేవగాని చేయుచున్నట్లు రుజువు చూపవలెనను నియమమును అది 2027 ఆరంభమునకు ఏర్పరచినది. రోగులకును, చిన్నపిల్లల తల్లిదండ్రులకును మినహాయింపులున్నవి. పని మంచిదే, పనిచేయనొల్లనివానిని పౌలు కూడ గద్దించెను. అయితే 2018లో ఆర్కాన్సా రాష్ట్రములో ఇట్టి నియమము పెట్టగా, కొద్ది నెలలలో 18 వేలమంది బీమా పోగొట్టుకొనిరి. వారిలో పనిచేయుచుండియు లెక్క సమర్పింపలేకపోయినవారుండిరి. సోమరిని పట్టుకొనుటకు వేసిన వలలో కష్టజీవి చిక్కినయెడల, వల వేసినవాడు నిద్రపోవచ్చునా? ఆ దేశపు విశ్వాసులు ఏ పక్షమునకు ఓటు వేసినను ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసియున్నారు.

అక్కడి సంఘములు ఊరకుండలేదు. కొన్ని సంఘములు కానుకలు ప్రోగుచేసి, బీదల ఆసుపత్రి అప్పులను కొనిపించి రద్దుచేయించుచున్నవి. వసూలు కాని ఆ పాత అప్పులు సుమారు నూటికొక డాలరు చొప్పున కొనవచ్చును. ఒనేసిము అప్పును తన లెక్కలో వ్రాసికొనుమన్న పౌలు వారికి మాదిరి. లూథరన్ పాదిరియైన గ్రేంజర్ వెస్ట్‌బర్గ్, 1980ల నడుమ చికాగో ప్రాంతమున సంఘములలో నర్సులను నియమించు పద్ధతిని ఆరంభించెను. ఆరాధన ముగిసిన పిమ్మట రక్తపు పోటు చూచుట, మందులు వాడు విధము తెలుపుట, ఒంటరి వృద్ధులను దర్శించుట ఆ నర్సుల పని. ఇట్టి చిన్న పనులు చట్టమునకు బదులు కాజాలవు. చట్టమును ఇట్టి చేతులు లేక ఇంటింటికి చేరజాలదు.

ఇదంతయు దూరదేశపు సంగతి, మనకేమి యని ఎవరైన అనవచ్చును. 1883లో పెన్సిల్వేనియానుండి ఆన్నా కుగ్లర్ అను వైద్యురాలు గుంటూరు వచ్చెను. అమెరికా లూథరన్ స్త్రీల కానుకలు ఆమెకు ఆధారము. 1898లో ఆమె ఆసుపత్రి తెరవబడెను. పురుష వైద్యునియొద్దకు వెళ్లలేక ఇండ్లలోనే ప్రాణము విడుచుచున్న మన తల్లులకు ఆమె కోనేటికి దారి చూపెను. నేడు మన దేశమునుండి వెళ్లిన వైద్యులు అనేకులు, తెలుగువారును వారిలో నుండగా, డాక్టర్లు దొరకని అమెరికా పల్లెటూళ్లలో పనిచేయుచున్నారు. ఒకప్పుడు వారు మన బరువు మోసిరి; నేడు మన బిడ్డలు వారి బరువు మోయుచున్నారు. గనుక ఆ దేశపు రోగులు మనకు పరాయివారు కారు.

ప్రియులారా, ఆ 38 ఏండ్లలో కోనేటిగట్టున ఎందరో నడిచిపోయియుందురు. వారిలో క్రూరులు కొద్దిమందియే అయియుండవచ్చును. ఎవరికి వారు తమవారిని దించుకొని వెళ్లిరి, అంతే. ఆదివారము ఆరాధనకు వచ్చినప్పుడు మీ ప్రక్కన ఖాళీగానున్న చోటును చూడుడి. అక్కడ కూర్చుండవలసినవాడు ఎందుచేత రాలేదో అడుగుడి. జబ్బయినయెడల, అతనిని వైద్యునియొద్దకు చేర్చు మనుష్యుడు ఉన్నాడో లేడో కనుగొనుడి. లేనియెడల ఆ మనుష్యుడు మీరే కావలెను.