నడుమ నిలిచిన పందెము

భాగవత కథలలో పసిపిల్లలకు మిక్కిలి ప్రీతిపాత్రమైనది గోవర్ధనోద్ధరణము. చిటికెన వ్రేలిపై కొండను నిలిపిన బాలకృష్ణుని పటము లేని వైష్ణవ గృహము అరుదు. పలుమారులు విన్న కథ యగుటచే, అందలి ముఖ్యవిషయమును గమనింపకయే మనము దాటిపోవుచుందుము. దానిని గుర్తుచేయుటకు ఒక చిన్నపిల్ల ప్రశ్న కావలసివచ్చినది.

ఆ ప్రశ్న అమెరికా దేశమునుండి వచ్చినది. అచ్చట స్థిరపడిన ఒక శ్రీవైష్ణవ కుటుంబమున తొమ్మిదేండ్ల బాలిక కలదు. ఆమె 'ట్రయథ్లాన్' అను పందెమునకై ఆరు మాసములు సాధన చేసినది. ఈ పేరు మన పాఠకులలో పలువురకు క్రొత్తది కావచ్చును. ఈత, సైకిలు, పరుగు - ఈ మూడింటిని ఎడతెగకుండ ఒకదాని వెంట నొకటిగా పూర్తిచేయుటయే ట్రయథ్లాన్. 1974వ సంవత్సరమున కాలిఫోర్నియా రాష్ట్రములోని శాన్‌డియాగో నగరమున ఈ పేరుతో పందెము మొదలైనది. 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్స్‌లో దీనికి స్థానము లభించినది. అందు పెద్దలకు ఒకటిన్నర కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిలు, 10 కిలోమీటర్ల పరుగు. పిల్లలకు దూరములు తగ్గింతురు. ఈ బాలిక యీడువారికి సాధారణముగా 100 మీటర్ల ఈత, 5 కిలోమీటర్ల సైకిలు, 1 కిలోమీటరు పరుగు. వినుటకు స్వల్పమే. కాని నీటినుండి వెలువడి, తడి దుస్తులతోనే సైకిలెక్కి, దిగినవెంటనే బరువెక్కిన కాళ్ళతో పరుగెత్తవలసిన బిడ్డకు అది స్వల్పము కాదు.

పందెమునకు ముందు దినమున ఆ పిల్ల తాను దాచుకొన్న నాణెములను పసుపు గుడ్డలో మూటగట్టి శ్రీనివాసునకు ముడుపు కట్టినది. పందెము పూర్తిచేయింపుమని మాత్రమే కోరినదట, గెలిపింపుమని కోరలేదు. మరునాడు ఈత చక్కగా ముగిసినది. సైకిలుపై సగము దూరము పోవుసరికి ఉరుము వినబడినది. ఈలలు మ్రోగినవి. పిల్లలనందరను దగ్గరనున్న భవనములోనికి చేర్చిరి. ఉరుములు ఆగకపోవుటచే పందెమును రద్దుచేసి, వచ్చినవారందరకును పతకములు పంచిరి. ఈ బాలిక పుచ్చుకొనలేదు. "నేను పూర్తి చెయ్యలేదు కదా" అన్నది. ఆ రాత్రి ఆమె తాతగారిని అడిగిన ప్రశ్న యిది: "తాతయ్యా, కృష్ణుడు ఏడు రోజుల వాననుంచి అందరినీ కాపాడాడు కదా! నాకోసం ఒక్క గంట వాన ఆపలేకపోయాడా?"

తాతగారు దీనిని నాకు వ్రాసి పంపిరి. ఇంటివారు తలకొక సమాధానము చెప్పిరట. పందెము సాగియుండినచో బిడ్డకు ఏదో ప్రమాదము జరిగియుండుననియు, స్వామి అందులకే ఆపెననియు ఒకరు చెప్పిరి. పూర్వకర్మ యని మరియొకరు. నాకు ఈ రెండును సమ్మతములు కావు. జరుగని దానిని మనమెట్లెరుగుదుము? ఎరుగని దానిని స్వామిపేరిట చెప్పుట సాహసము. ఇక కర్మముయొక్క గతి తెలియరానిదని గీతాచార్యుడే సెలవిచ్చియుండగా, దానిని పసిబిడ్డ కన్నీటికి కొలబద్దగా తెచ్చుట దయలేని పని. పిల్ల భాగవతమును పట్టుకొని అడిగినది. సమాధానమును భాగవతమునుండియే వెదకవలెను.

నందాదులు ఇంద్రయాగమునకు సంభారములు సమకూర్చుకొనిరి. బాలకృష్ణుడు ఆ యాగమును మాన్పించెను. అయినను సమకూర్చినది వ్యర్థము కానీయలేదు. ఆ సంభారములతోడనే గోవులకును, బ్రాహ్మణులకును, గోవర్ధనగిరికిని పూజ జరిపించెను. ఒకదానికై చేసిన సన్నాహము మరియొకదానికి చెల్లినది. (ఈ ట్రయథ్లాన్ పందెములలోను ఇట్టి పద్ధతి యొకటి కలదు. నీరు ఈతకు తగదని తేలినప్పుడు ఈతను విడిచి పరుగు, సైకిలు, మరల పరుగుగా పందెమును మార్చుదురు. ఉరుములున్నప్పుడు అదియును కుదరదు.)

ఇంద్రుడు కోపించి ప్రళయకాల మేఘములను వ్రేపల్లెపైకి పంపెను. వడగండ్లు, పెనుగాలి, ఏనుగు తొండములవంటి ధారలు. గోపగోపీజనము చలికి వణకుచు కృష్ణుని శరణు జొచ్చిరి. ఇచ్చట కొంచెము నిలిచి చూడవలెను. వారు వాన నాపుమని అడుగలేదు, రక్షింపుమని అడిగిరి. స్వామియు వాన నాపలేదు! సంకల్పమాత్రమున మేఘములను చెదరగొట్టగలవాడు ఆ పని చేయక కొండ నెత్తెను. తల్లిని, తండ్రిని, ఊరివారిని, గోవులను, లేగలను, బండ్లను దాని క్రిందికి పిలిచెను. ఏడు దినములు వాన కురియుచునే యున్నది. ఏడు దినములు ఆయన అడుగైనను కదపలేదు. శరణన్నవారు వాన చప్పుడు వినుచునే యుండిరి. కాని ఆ చప్పుడు వినునప్పుడు రక్షకుడు వారి నడుమనే నిలిచియుండెను. శరణాగతికి మన పూర్వాచార్యులు చెప్పిన అంగములలో, ఆయన రక్షించునను విశ్వాసము ఒకటి. ఏ తీరున రక్షింపవలెనో ఆయనకు నిర్ణయించి చెప్పుట వానిలో లేదు.

కాబట్టి తాతగారు మనుమరాలికి చెప్పదగినది యిది. వ్రేపల్లెలోను వాన ఆగలేదమ్మా. అందరను ఒకచోట చేర్చి కాపాడుటయే జరిగినది. నిన్ను భవనములోనికి పిలిచిన ఈల అట్టి పనియే చేసినది. ఇది పైని చెప్పిన ఊహవంటిది కాదు. ఉరుము వినబడినదనగా పిడుగు పడగలంత చేరువలో నున్నామని అర్థము. నీటిలోను, ఆరుబయటను ఉన్నవారికి అది ఎరిగిన అపాయము. కడపటి ఉరుము వినబడిన పిమ్మట అరగంట గడచువరకు బయటికి రారాదని అచ్చటి వాతావరణశాఖవారి సూచన. అట్టి వేళ ఇంకొంచెముసేపు సాగనిండని నిర్వాహకులతో వాదులాడు తల్లిదండ్రులు కొందరుందురని విందుము. వారు తమ బిడ్డలను కొండక్రిందినుండి వానలోనికి నెట్టువారే.

మహావీరులకును ఈ నిరీక్షణ తప్పలేదు. 2024వ సంవత్సరము జూలై 26న పారిస్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవము నాడు భారీవర్షము కురిసినది. మురుగు కలిసి సేన్ నది నీరు కలుషితమైనది. 30వ తేదీన జరుగవలసిన పురుషుల ట్రయథ్లాన్ 31వ తేదీకి వాయిదా పడినది. ఏండ్లతరబడి ఆ ఒక్క ఉదయమునకై శ్రమించినవారు నది తేటపడువరకు వేచియుండిరి.

అయినను పిల్ల దుఃఖమునకు వేరొక ముఖము కలదు. ఆమెకు బాధ వాన కాదు, నడుమ నిలిచిపోవుట. ఈ బాధ అర్జునునకును కలిగినది. యోగమార్గమున బయలుదేరి కొనముట్టకముందే నిలిచిపోయినవాడు, చెదరిన మబ్బువలె రెండింటికిని చెడిపోవునా యని గీత ఆరవ అధ్యాయమున అతడు అడుగును. మేలు చేయబూనినవానికి చెడుగతి లేదని స్వామి సమాధానము. ఆ సమాధానమున అర్జునుని 'తాత' యని సంబోధించెను. సంస్కృతమున ఆ మాటకు తండ్రి యని అర్థము. బిడ్డను ముద్దుగా పిలుచుటకును వాడుదురు. అది యోగమును గూర్చిన మాట. సైకిలు పందెమునకు దానిని ప్రమాణముగా సాగదీయరాదు. అయినను నడుమ నిలిచిపోయితినని దిగులుపడినవానిని స్వామి మందలింపక, నాయనా యని పిలిచెనని తెలిసికొనుట ఆ బిడ్డకు మేలు.

2021 నవంబరులో తిరుమలయందు కుంభవృష్టి కురిసినది. శ్రీవారిమెట్టు నడకదారి మిక్కిలి దెబ్బతిని, 2022 మే మాసమువరకు తెరువబడలేదు. ఆ మెట్లమీదుగ రాదలచినవారు వేరు దారి పట్టవలసివచ్చినది. వారికి కలిగిన దర్శనము తక్కువదని ఎవరందురు?

ఇక ముడుపు సంగతి. పందెము పూర్తికాలేదు గనుక మూట విప్పివేయవచ్చునా యని తాతగారు ఉత్తరము చివర అడిగిరి. విప్పవలదు. ముడుపు వెల కాదు. ఆ కుటుంబము కొండకు వచ్చినప్పుడు బాలిక తన చేతితోనే హుండీలో వేయునది. పతకమునకై ఆమెను బలవంతపెట్టవలదు. చేయని దానిని చేసితినని యొప్పుకొనని ఆ గుణము పెద్దలకే అరుదు. సైకిలు గొలుసును మాత్రము వెంటనే తుడిచి నూనె వేయవలెను. వానలో తడిసినది గదా.