మొప్పల దారిన వచ్చిన నాలుక



పేతురు గాలం వేస్తే మొదట పడే చేప నోట నాణెం దొరుకుతుందని ప్రభువు చెప్పిన సంగతి మత్తయి 17వ అధ్యాయంలో ఉంది. 2021 అక్టోబరులో టెక్సాస్‌లోని గాల్వెస్టన్ ఐలాండ్ స్టేట్ పార్కు వారు మరో చేప నోటి ఫొటో పెట్టారు. అది క్రోకర్ చేప. నోట్లో నాలుక ఉండవలసిన చోట ఒక పురుగు కూర్చుని ఉంది!

దాన్ని ‘నాలుకను తినే పేను’ అంటారు. పేరుకు పేనే గాని, అది రొయ్యలకూ పీతలకూ చుట్టం. చిన్నగా ఉన్నప్పుడే మొప్పల గుండా లోపలికి దూరుతుంది. చేప ఊపిరి తీసుకునేది ఆ మొప్పలతోనే గదా! తరువాత నాలుకను పట్టుకుంటుంది. రక్తం అందక నాలుక ఎండి రాలిపోతుంది. ఇక ఆ పురుగే నాలుక. అయినా చేప వెంటనే చావదు. ఈదుతుంది, తింటుంది. పైకి చూస్తే మంచి చేపే.

విశ్వాసికి ప్రార్థనే ఊపిరి. ఆ ఊపిరి దారిలోనే మనలోకి ఒకటి దూరుతుంది. “ఫలానా వారి కోసం ప్రార్థించండి” అని మొదలుపెట్టి, వారి ఇంటి గుట్టంతా ఫోన్‌లో నలుగురికీ చెప్పేస్తాం. హెచ్-1బి వీసాపై ఉన్న సహోదరుని ఉద్యోగం పోతే ఇక్కడ ఉండడానికి సాధారణంగా 60 రోజులకు మించి గడువు ఉండదు. ఆ రోజుల్లో అతనికి కావలసింది మన మోకాళ్లు. కాని అతని సంగతి పాట్‌లక్ బల్ల దగ్గర కూరలతో పాటు వడ్డిస్తాం. ఆ కుటుంబం మరుసటి ఆదివారం మందిరానికి రాదు. మనమేమో పాటలు పాడుతూనే ఉంటాం, ఆమేన్ అంటూనే ఉంటాం. పలికేది ఎవరి నాలుక?

ఎండిపోయిన నాలుక ఆ చేపకు తిరిగి రాదు. మనకు ఆ నిరాశ లేదు. యెషయా తన పెదవులు అపవిత్రమైనవని ఒప్పుకొన్నప్పుడు బలిపీఠపు నిప్పు వాటిని తాకింది. ఆ పెదవులతోనే దేవుడు ప్రవచనం పలికించాడు.

ఈ వారం ఒక పని చేద్దాం. ఎవరి కష్టమైనా మనుషులతో చెప్పకముందు దేవునితో చెప్పుదాం. వారి అనుమతి లేకుండా ఇంకెవరికీ చెప్పవద్దు. మన మాటల వల్ల మందిరం మానేసినవారు ఉంటే, వారి ఇంటికి వెళ్లి క్షమాపణ అడుగుదాం.

ప్రభువు మన పెదవులను ముట్టును గాక. ఆమేన్.