హేతువును శోధించడమూ సాధనే

గౌతమ మహర్షి న్యాయసూత్రాలు మొదటి సూత్రంలోనే నిశ్శ్రేయసాన్ని, అంటే పరమ శ్రేయస్సైన మోక్షాన్ని ప్రస్తావిస్తాయి. దాన్ని పొందడానికి తెలుసుకోవలసిన పదహారు పదార్థాలలో ప్రమాణం, ప్రమేయం, వాదం మొదలైన వాటితో పాటు హేత్వాభాసాలను, అంటే హేతువులా కనిపిస్తూ నిజానికి హేతువు కాని వాటిని కూడా చేర్చడం గమనించదగినది. మిథ్యాజ్ఞానం తొలగితే రాగద్వేషాది దోషాలూ, ప్రవృత్తీ, జన్మా, దుఃఖమూ వరుసగా తొలగుతాయని రెండో సూత్రం చెబుతుంది కనుక, తప్పుడు హేతువును గుర్తుపట్టడం పండిత సభలకే పరిమితమైన విద్య కాదు, చిత్తశుద్ధికి తోడ్పడే సాధన.

తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రచించిన ‘తర్కసంగ్రహం’ హేత్వాభాసాలను సవ్యభిచారం, విరుద్ధం, సత్ప్రతిపక్షం, అసిద్ధం, బాధితం అని ఐదుగా విభజించింది. సాధ్యం, అంటే రుజువు చేయదలచినది, ఉన్నచోటనే కాక లేనిచోట కూడా కనిపించే హేతువు సవ్యభిచారం. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) విప్పి, కాయ ఎర్రగా ఉంది కనుక ఘాటైనదేనని ఎవరైనా తేల్చితే, తేజ రకం విషయంలో ఆ మాట నిలవవచ్చు గానీ, ముదురు ఎరుపుతో నిగనిగలాడే బ్యాడిగి కాయలో కారం తక్కువ కనుక ఎరుపు ఘాటును రుజువు చేయలేదు. వేషాన్ని బట్టి భక్తిని, సంపదను బట్టి పుణ్యాన్ని నిర్ణయించడంలో ఉన్నదీ ఈ దోషమే.

సాధించదలచిన దానికి వ్యతిరేకమైనదాన్నే సాధించే హేతువు విరుద్ధం. 1980ల మధ్యకాలంలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలను తెల్లదోమ ముంచెత్తింది. మందు ఎంత ఎక్కువ కొడితే పంటకు అంత రక్షణ అన్న నమ్మకంతో సింథటిక్ పైరిథ్రాయిడ్లను పదేపదే పిచికారీ చేయడం వల్ల దోమను అదుపులో ఉంచే మిత్రపురుగులు నశించి, దాని ఉద్ధృతి మరింత పెరిగింది. భయమూ ఆత్రుతా మనసును కమ్మినప్పుడు ఇలాంటి హేతువే తిరుగులేనిదిగా తోస్తుంది.

హేతువే రుజువు కాకుండా ఉంటే అది అసిద్ధం. పొలం గట్టు తగాదాలో, పొరుగువాడు ఆశపోతు కనుక గట్టు జరిపాడని ఆరోపించేవారు, అతడు ఆశపోతు అన్న మాటను ముందుగా రుజువు చేయరు. హద్దురాయీ కొలతా తేల్చవలసిన విషయాన్ని ద్వేషం తేల్చేస్తుంది.

తత్త్వనిర్ణయం కోసం జరిగే చర్చను వాదమని, గెలుపు కోసం జరిగేదాన్ని జల్పమని, తన పక్షమేదీ స్థాపించకుండా ఎదుటివారి మాటను ఖండించడమే పనిగా పెట్టుకున్నదాన్ని వితండ అని న్యాయశాస్త్రం వేరుచేసింది. భగవద్గీత పదో అధ్యాయంలో శ్రీకృష్ణుడు తన విభూతులను చెబుతూ, వాదించేవారిలో వాదం తానేనని ప్రకటించాడు. అది అర్థనిర్ణయానికి హేతువు కనుకనే ప్రధానమని శంకర భగవత్పాదులు భాష్యంలో వివరించారు. కనుక ఇంట్లోనైనా రచ్చబండ మీదనైనా ఎదుటివారి మాటలో దోషం వెదికే ముందు, తన హేతువు నిలిచేదో కాదో ప్రతివారూ పరీక్షించుకోవాలి, నిలవదని తేలితే దాన్ని వదులుకోవాలి.